కాగితం చింపితే వినపడే హాలు

మా నాన్నకు మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకూ జాతరలకూ చర్చి పండగలకూ యానాం చుట్టుపక్కల ఎవరికి గొంతు పెద్దది కావాలన్నా మా ఇంటికే వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళకు కూర్చునే చోటు ఉండేది కాదు. ముందు గది నిండా ఆంప్లిఫయర్లు, కేబుల్ చుట్టలు, ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చిన రేకు గొట్టాలు. మైకు గొట్టాలనే అంటారు వాటిని మా వైపు. వీధి పిల్లి ఏటా వాటిలోనే ఈనేది. వాటి మధ్యనే పెరిగినా, నా గొంతు మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేది కాదు.

"ఇంటి నిండా గొట్టాలు, ఇంట్లో పిల్లకి గొంతు లేదు," అనేది మా అత్త.

అత్త అంటే నాన్నకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పక్క వాటాలో ఉండేది గానీ, పగలంతా మా వాటాలోనే కనిపించేది.

మైకు గొట్టాల కింద బతికిన జనానికి ఒక విద్య అబ్బుతుంది. మా ఊళ్ళలో ఏ శుభకార్యమైనా పందిరి నాలుగు వైపులా గొట్టాలు కడతారు. పాటలు పెట్టాక పక్కమనిషి మాట వినపడదు. అందుకని ఆడవాళ్ళు ఎదుటివాళ్ళ చెవి దగ్గర నోరు పెట్టి, మాటను గొంతులోంచి నెట్టినట్టుగా మాట్లాడతారు. దాన్ని గుసగుస అనే అంటారు. ఆ హోరు కింద ఏమైనా చెప్పుకోవచ్చు. పెళ్ళికూతురి గురించి, ముందు వరుసలోనే కూర్చున్న పెళ్ళికూతురి తల్లి గురించి, ఆవిడ వేసుకున్న గొలుసు ఎవరిదో దాని గురించి. మా అత్త ఆ విద్యలో ఆరితేరింది. గొట్టం సరిగ్గా నెత్తి మీద ఉన్నా ఆవిడ గుసగుస ఒక్క అక్షరం పోకుండా చెవిలో పడేది. అలా పడాలంటే ఎంత బలం కావాలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నాన్నకు వినికిడి తగ్గుతోందని నాకు పక్కనే ఉన్న అడవిపొలం ఊళ్ళో ఒక పెళ్ళిలో తెలిసింది. మైకు గొట్టానికి ఎదురుగా వస్తే సన్నగా, చెవులు కోసినట్టు ఒక చప్పుడు వస్తుంది. మైకుసెట్టువాళ్ళు దాన్ని కూత అంటారు. కూత రాబోతోందని నాన్నకు ముందే తెలిసేది, వచ్చేలోపే మీట తిప్పేసేవాడు. ఆ రోజు కూత వచ్చింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. పురోహితుడు మంత్రం ఆపాడు. నాన్న మాత్రం తాపీగా ఒక తీగకు టేపు చుడుతున్నాడు. నేను వెళ్ళి ఆయన ఎడమ భుజం తట్టాను. ఆయన తలెత్తి పిల్లల చేతులు ఎక్కడున్నాయో చూశాడు. మీట తిప్పాడు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు నాన్న అన్నాడు: "ఇకనించి నువ్వూ రామ్మా పనికి. అక్కడ లైట్లు బాగుంటాయి, చదువుకోవచ్చు."

లైట్లు నిజంగానే బాగుండేవి. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు చాలావరకు ఆంప్లిఫయర్ పక్కన కుర్చీలోనే చదివాను. ఇంట్లో కంటే అక్కడే ప్రశాంతంగా ఉండేది, ఎందుకంటే ఎవరూ నాతో మాట్లాడలేరు. ఎడమ భుజం తడితే కూత అని అర్థం. కుడి భుజం తడితే ఎవరో పిలుస్తున్నారని. నేను పక్కన లేనప్పుడు ఆయన్ని పిలిచినవాళ్ళ సంగతి మేం ఆలోచించలేదు.

ఈ విషయం మా ముగ్గురికే తెలుసు. బయటికి పొక్కకూడదని అత్త ఒట్టు వేయించింది. "చెవిటి వంటోణ్ణి పిలుత్తారు. చెవిటి టైలర్ని పిలుత్తారు. చెవిటి మైకుసెట్టోణ్ణి ఎవడు పిలుత్తాడే?" అనేది. అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అప్పటికే పిలుపులు తగ్గుతున్నాయి. కాకినాడ నుంచి వచ్చిన నల్ల బాక్సుల వల్లనే తగ్గుతున్నాయని నాన్న అనేవాడు. అగ్రహారం వైపు నుంచి అయితే రెండు పెళ్ళిళ్ళ కాలాలు గడిచినా ఒక్కరూ రాలేదు.

అలాంటి సమయంలో గోదావరి గట్టు మీద హాలు పూర్తయింది. పునాదులు తీసినప్పుడు అది హోటలన్నారు. గోడలు లేచాక ఆసుపత్రి అన్నారు. అద్దాలు బిగించాక ఏదీ అనడం మానేశారు. చివరికి బోర్డు పెట్టాక సంగీతం కోసం కట్టిన హాలని తెలిసింది. ప్రారంభోత్సవానికి ముందు ఊరివాళ్ళను జట్లు జట్లుగా లోపలికి తీసుకెళ్ళి నడిపించి చూపిస్తామని హాలు ఆఫీసులో కాగితం అంటించారు. హాల్లో మైకులు చూసుకోవడానికి స్థానికుణ్ణి ఒకర్ని తీసుకుంటారని కూడా ఎవరో అన్నారు. నాన్న వెళ్ళి అడిగాడు. పక్కన నేనున్నాను కాబట్టి సంభాషణ సజావుగానే సాగింది. ముందు అందరితోపాటు వచ్చి చూడండి, తర్వాత మాట్లాడదాం అన్నారు.

నెల జీతం వచ్చే పని. నీడపట్టున ఉండే పని. నిచ్చెనలెక్కి తాటిదూలాలకు గొట్టాలు కట్టనక్కర్లేని పని. నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు. వెళ్ళే ముందు రెండు రోజులూ దాన్ని గొట్టాల మీద పరిచి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"నువ్వు వాడి ఎడం పక్కనించి కదలకు," అని అత్త నాకు చెప్పింది. ఆవిడా బయల్దేరింది. లోపల ఏసీ ఉందో లేదో చూడాలట.

మే నెల. పదిగంటలకే ఎండ గోడలెక్కింది. మా జట్టులో పాతికమంది దాకా ఉన్నారు. వాళ్ళలో అగ్రహారంలో రొయ్యల చెరువులున్న ఒకాయన నాన్నకు దూరపు వరసలో బావ అవుతాడు. గేటు దగ్గర ఆయన అందరినీ పలకరించాడు, నాన్నను తప్ప. నాన్న నవ్వాడు. ఆయన గోదావరి వైపు చూశాడు.

మాకు హాలు చూపించడానికి వచ్చిన అబ్బాయి పాండిచ్చేరి నుంచి వచ్చిన ఉద్యోగి. తెలుగు కష్టపడి నేర్చుకున్నాడు. ఎక్కడా తప్పులు లేవు గానీ, ప్రతి వాక్యానికీ ముందు 'ఇది వచ్చి' అనేవాడు. అరవంలో అలా అంటారట.

"దయచేసి పాదరక్షలు విడువనవసరం లేదు," అని చెప్పాడు ముందుగానే.

ఆ మాట అతని నోట్లో ఉండగానే అందరం విడిచేశాం. అంత నున్నటి రాయి మీద చెప్పులతో నడవడం మా ఎవరి వల్లా కాదు. ఎర్ర తివాచీ కూడా కనిపిస్తోంది. చెప్పులు వరుసగా తలుపు పక్కన పెట్టాం. అత్త తన చెప్పుల్ని గుర్తుగా ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఆ అబ్బాయి ఒక్కడే బూట్లతో లోపలికి వచ్చాడు.

"ఇది వచ్చి ముందు వసారా," అన్నాడు. "ఈ అద్దం మొత్తం నదికి అభిముఖంగా ఉంటుంది. విరామ సమయంలో ప్రేక్షకులు ఇక్కడ నిలబడి నదిని వీక్షించవచ్చు."

అందరం నిలబడి వీక్షించాం. రోజూ చూసే గోదావరే. అద్దంలోంచి చూస్తే కొంచెం ఖరీదైనదానిలా ఉంది.

"రోజూ ఏట్లో తడిసిన మొహాలం, మనకెందుకండి అద్దంలోంచి," అన్నాడు చెరువుల ఆయన. నలుగురు నవ్వారు. నవ్వడం చూసి నాన్నా నవ్వాడు.

"ఏసీ ఉందే," అంది అత్త నాతో, తృప్తిగా. ఆవిడ చూడాల్సింది అక్కడితో అయిపోయింది. అయినా మాతోనే వచ్చింది.

హాల్లోకి అడుగుపెట్టాక నాకు కొంచెం భయం వేసింది. గోడలకు నేల నుంచి కప్పు దాకా చెక్కలు తొడిగారు. తలుపు మూసుకోగానే బయటి చప్పుడు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఎవరో గుటక వేయడం వినపడింది. ఎవరి గాజులో కదిలితే అందరం అటు తిరిగాం. యానాంలో పాతికమంది ఒకచోట చేరితే ఇలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఊపిరి తీసుకోవడం కూడా పదిమందిలో చేసే పనిలా అనిపించింది. నాన్నకు మాత్రం పెద్ద తేడా ఏమీ తెలిసినట్టు లేదు.

మమ్మల్ని వెనక వరుసలో కూర్చోబెట్టి ఆ అబ్బాయి వేదిక ఎక్కాడు.

"ఇక్కడ మైకు లేకుండానే చివరి వరుస వరకు వినపడుతుంది. అలా కట్టారు," అన్నాడు మామూలు గొంతుతో. నిజంగానే పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంది. "నేను ఇప్పుడు ఒక కాగితం చింపుతాను. ఆ శబ్దం వినపడినవారు దయచేసి చెయ్యెత్తండి."

అతను మా వైపు వీపు పెట్టి తిరిగాడు. కాసేపటికి సన్నగా, బట్ట చిరిగినట్టు చప్పుడు వచ్చింది. అందరి చేతులూ లేచాయి. నేను నాన్న మోచేతిని కొంచెం నెట్టాను. ఆయన చెయ్యి అందరికంటే ఆఖర్న లేచింది.

"వినపడింది కదా సార్," అన్నాడు అతను ఇటు తిరిగి.

కుడి భుజం తట్టాను. "బ్రహ్మాండంగా అండి," అన్నాడు నాన్న.

ఇలాంటి గదిలో నెలనెలా జీతం తీసుకుంటూ నాన్న ఎలా నెట్టుకొస్తాడో నాకు అర్థం కాలేదు. రోజూ పక్కన కూర్చుని మోచెయ్యి నెట్టడానికి నాకూ జీతం ఇవ్వరు. కానీ ఆయన మొహం చూస్తే అవేవీ చెప్పబుద్ధి కాలేదు. వేదిక మీది దీపాలను, వెనక గోడలో కొంచెం ఎత్తున ఉన్న అద్దాల గదిని మార్చి మార్చి చూస్తున్నాడు. మైకు కావాలనేవాళ్ళ కోసం మీటలన్నీ ఆ అద్దాల గదిలోనే ఉంటాయి. ఆ పనివాడు కూర్చునేది అక్కడే.

తర్వాత ఆ అబ్బాయి ఒక పొరపాటు చేశాడు. పొరపాటని అతనికి తెలియదు. "ఇప్పుడు సగం మంది వేదిక మీదికి రండి, సగం మంది ఇక్కడ ఉండండి. అటు మాట్లాడితే ఇటు ఎలా వినపడుతుందో చూద్దాం," అన్నాడు.

సగం సగం అనగానే ఆడవాళ్ళందరం లేచి వేదిక వైపు నడిచాం. మగవాళ్ళందరూ కుర్చీల్లో ఉండిపోయారు. అలా విడిపొమ్మని అతను చెప్పలేదు. ఎవరూ చెప్పనక్కర్లేదు కూడా. నేను ఒక్క నిమిషం నాన్న పక్కనే నిలబడ్డాను. "అమ్మాయ్, నువ్వు కూడా అటెళ్ళు," అన్నారు ఎవరో. వెళ్ళాను.

వేదిక మీద నుంచి వెనక్కి చూస్తే, నాన్నను ఆ అబ్బాయి అద్దాల గదిలోకి తీసుకెళ్ళడం కనిపించింది. మీటలు చూపిస్తున్నాడు. నాన్న చేతులు వెనక కట్టుకుని, గుళ్ళో విగ్రహాన్ని చూసినట్టు చూస్తున్నాడు. ఆ అబ్బాయి కిటికీ అద్దం పక్కకు జరిపి తల బయటికి పెట్టాడు.

"అమ్మా, మీరు ఎవరైనా ఏదైనా మెల్లగా మాట్లాడండి," అన్నాడు.

ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకావిడ పమిట సర్దుకుంది. చెరువుల ఆయన మధ్య వరుసలో కూర్చుని, "ఇంటికాడ ఇలాగుంటే ఎంత బాగుణ్ణు," అన్నాడు. నవ్వు కూడా రాలేదు ఎవరికీ. హాలంతా ఎదురుచూస్తోంది.

అత్తకు ఆ నిశ్శబ్దంతో పని లేదు. ఆవిడ చూపంతా అద్దాల గది మీదే ఉంది. నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, నలభైయేళ్ళుగా పందిళ్ళలో చేస్తున్నట్టే గుసగుసలాడింది.

"మీ నాన్నని ఒక్కణ్ణే తీసుకుపోయాడేంటే ఆ అబ్బాయి? ఏదన్నా అడిగితే ఏం చెప్తాడు? పక్కన పిడుగు పడినా వినపడదాయె వాడికి. ఇంక ఉజ్జోగం గోవిందే."

మాట వెళ్ళింది. వెళ్ళడం నాకు తెలిసింది. మొదటి వరుస దాటి, మధ్య వరుస దాటి, వెనక గోడకు తగిలి, కిటికీలోంచి లోపలికి కూడా పోయింది. మగవాళ్ళ తలలన్నీ ఒక్కసారి మా వైపు తిరిగి, వెంటనే వెనక్కి అద్దాల గది వైపు తిరిగాయి.

"వినపడింది," అన్నాడు ఆ అబ్బాయి అలవాటు ప్రకారం. అన్నాక నోరు మూసుకున్నాడు.

మధ్య వరుసలో ఒకాయన చెయ్యి సగం దాకా ఎత్తి, దించేసుకున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ నాన్న ఆ చెయ్యి చూశాడు. చూసి వెంటనే తన చెయ్యి పైకెత్తాడు. ఈసారి ఆలస్యం కాలేదు. హాల్లో ఎత్తి ఉన్న చెయ్యి ఆయనదొక్కటే.

అత్త నా భుజం మీద నుంచి చెయ్యి తీసేసింది. "నేను చెవిలో కదే చెప్పాను," అంది. అదీ వినపడింది.

ఆ అబ్బాయి మంచివాడు. కిందికి దిగి వచ్చి, "ఇప్పుడు మనం వేషధారణ గదులు చూద్దాం," అన్నాడు. చూశాం. అద్దాల చుట్టూ బల్బులు ఉన్నాయి. ఎవరూ బల్బుల్ని చూడలేదు. నడవాలో వెళ్తుంటే మనుషులు వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. నాన్నకు ఏదైనా చెప్పాలంటే ముందుకు వచ్చి, ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి చెబుతున్నారు. ఒకాయన "మెట్లు" అని చెప్పడానికి వేళ్ళతో మెట్లు దిగి చూపించాడు. చెరువుల ఆయన మాత్రం ఏమీ మాట్లాడకుండా నాన్న వెనకే నడుస్తున్నాడు. మొహం ఏదో లెక్క తప్పినవాడిలా ఉంది.

"ఏంటమ్మా ఇవాళ అందరూ నా మొహంలోకే చూసి మాట్టాడతన్నారు," అన్నాడు నాన్న నాతో. "మర్యాద పెరిగింది. ఉజ్జోగం ఖాయమని తెలిసిపోయినట్టుంది ఈళ్ళకి."

చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. గుట్టుగా చెబితే ఆయనకు వినపడదు. ఆయనకు వినపడేలా చెబితే గుట్టు కాదు. పైగా నా గొంతుకు ఆ రెండోది చేతనయ్యేదీ కాదు. నేను ఆయన ఎడమ పక్కన నడుస్తూ ఊరుకున్నాను.

నడక చివర్లో నది వైపు తలుపు తీశారు. బయట గోదావరిని ఆనుకుని వెడల్పాటి అరుగు కట్టారు, నల్లటి రాతి పలకలతో. "ఇది వచ్చి నదీతీర వేదిక. సాయంత్రాలు ఇక్కడ ఆహ్లాదంగా ఉంటుంది," అన్నాడు ఆ అబ్బాయి. అది సాయంత్రం కాదు. పలకలు పెనంలా కాలుతున్నాయి. చెప్పులు భవనానికి అవతలి వైపు, ముందు తలుపు దగ్గర ఉన్నాయి. అందరం ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడ్డాం. అయినా ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. ఆ అబ్బాయి నాన్న దగ్గరికి వెళ్తున్నాడు. అది చూడకుండా వెళ్ళేవాళ్ళు మా ఊళ్ళో లేరు. బూట్లు వేసుకున్న మనిషికి మేమంతా ఎందుకు గంతులేస్తున్నామో అర్థం కాలేదు.

అతను నాన్నకు ఎదురుగా నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా అడిగాడు. "సార్. ఆ గదిలో. పని. మీకు ఎలా అనిపించింది?"

"దేవుడి గదిలా ఉందండి," అన్నాడు నాన్న. "అన్నీ మనకి తెలిసిన మీటలేనండి, కాకపోతే ఎక్కువ. తవరేం కంగారు పడకండి. కూత అన్నది రానివ్వను. నా చెవి సంగతి ఈళ్ళందరినీ అడగండి, సీమ చిటుక్కుమన్నా…"

నేను ఎడమ భుజం తట్టాను.

ఎందుకు తట్టానో ఆలోచించి తట్టలేదు. కూత వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే వెళ్ళినట్టు వెళ్ళింది. నాన్న మాట ఆపేశాడు. ఆయన కుడిచెయ్యి గాల్లోకి వెళ్ళి, లేని మీటను అందుకుని, ఎడమకు తిప్పింది. అప్పుడు చుట్టూ చూశాడు. మైకు లేదు. గొట్టం లేదు. పాతికమంది ఆయన మొహంలోకి చూస్తూ కాళ్ళు మార్చుకుంటున్నారు.

"ఎక్కడమ్మా?" అన్నాడు.

"అందరికీ తెలిసిపోయింది నాన్నా," అన్నాను. ఏటిగాలి ఆ మాటను ఎత్తుకుపోయింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ అన్నాను. ఈసారి ఎంత గట్టిగా అన్నానంటే, కింద పడవలో వల బాగుచేసుకుంటున్న ఇద్దరు తలెత్తి చూశారు.

"ఏంటి తెలిసింది?"

"నీకు చెవుడని," అంది అత్త. ఆవిడకు కాళ్ళు కాలుతున్నాయి, సాగదీసే ఓపిక లేదు. "ఇందాక లోపల నేనే చెప్పేశాన్రా తమ్ముడూ. దీని చెవిలో చెప్పాను. హాలంతా వినపడింది."

నాన్న ఆవిడ వైపు చూశాడు. నిజంగా తెలియక అడిగాడు.

"మరి నాకు వినపడలేదేం?"

చెరువుల ఆయన ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఆపుకుందామని చూశాడు గానీ కుదరలేదు. ఆయన తర్వాత పడవలోవాళ్ళు నవ్వారు, వాళ్ళకు ఏం జరిగిందో తెలియకపోయినా. తను అడిగిందేమిటో నాన్నకు అప్పుడు అందింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆయనా నవ్వాడు. కానీ అందరికంటే ముందు ఆపేశాడు.

చెరువుల ఆయన దగ్గరికి వచ్చాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ నాన్న చెవి దగ్గర అరిచినట్టు మాట్లాడాడు.

"అది కాదు బావా. ముందటేడు మా చిన్నోడి పెళ్ళి కుదిరినప్పుడు నిన్ను పిలుద్దామని బజార్లో వెనకమాల నించి కేకేశాను. ఓసారి కాదు, బజారు చివరిదాకా కేకేశాను. నువ్వు వెనక్కి తిరిగి చూత్తేనా. ఈడికింత పొగరేంటి, ఈడి సెట్టు కాపోతే లోకంలో సెట్లు లేవా అని కాకినాడోళ్ళకి చెప్పాను. మా వైపోళ్ళందరికీ కూడా చెప్పాను, ఆడు పిలిత్తే పలకడు, ఆణ్ణి పిలవకండని."

"పలకలేదా నేను?"

"పలకలేదు."

"నల్ల బాక్సులనుకున్నాను," అన్నాడు నాన్న.

"బాక్సులెవడిక్కావాలి. ఇంటి పునాదులు కదిలిపోతన్నాయి."

మేం ముగ్గురం అన్నేళ్ళు కాపాడిన గుట్టు ఆ విధంగా పనిచేసింది. చెవుడు తెలిస్తే పని పోతుందని దాచాం. దాచడం వల్ల పని పోయింది. అత్త ఈ లెక్క అర్థమై, దాన్ని ఎవరి మీదికి నెట్టాలా అని చుట్టూ చూసి, ఆ అబ్బాయిని ఎంచుకుంది.

"గుసగుసలాడుకోడానికి పనికిరాని హాలు ఎందుకు కట్టినట్టండీ?" అని అడిగింది.

అతను నాన్న వైపు తిరిగి, ఉద్యోగం గురించి ఇంకా ఏదీ నిర్ణయించలేదని, పెద్దలతో మాట్లాడి చెబుతానని, వీలైనంత మర్యాదగా అన్నాడు. నేను కుడి భుజం తట్టబోయాను. అవసరం లేకపోయింది. అతను ఎదురుగానే నిలబడి గట్టిగా చెప్పాడు.

"వద్దండి సారూ," అన్నాడు నాన్న. "ఇక్కడ కాగితం చింపితే వినపడాలంట కదా. నాకు చింపినప్పుడు వినపడలేదండి. మా అమ్మాయి చెయ్యెత్తమంటే ఎత్తాను." తెల్లచొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు. ఇస్త్రీ పోయింది. "చెప్పులు అటేపున్నాయి, పదండి. కాళ్ళు బొబ్బలెక్కుతున్నాయి."

భవనం చుట్టూ తిరిగి చెప్పుల దగ్గరికి వెళ్ళేదాకా అందరం పరుగు లాంటి నడక నడిచాం. నాన్న ఒక్కడే మామూలుగా నడిచాడు. మధ్యలో ఒకసారి ఆగి, గోడకున్న అద్దంలోంచి లోపలికి చూశాడు. ముందు వసారా, ఎర్ర తివాచీ తప్ప అక్కడి నుంచి ఏమీ కనిపించవు. ఆ మీటలున్న గది ఇంకా లోపలికి ఉంటుంది. ఇంటికి వచ్చాక అన్నం తినలేదు. చొక్కా మడతపెట్టి పెట్లో అడుగున పెట్టాడు. అత్త తన వాటాలోనే ఉండిపోయింది, ఆ రోజంతా.

నేను ఆ రోజు డైరీలో ఏసీ ఉందని రాశాను. ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

ఆ ఉద్యోగానికి పాండిచ్చేరి నుంచి ఒకాయన బదిలీ మీద వచ్చాడు. ప్రారంభోత్సవానికి మేం వెళ్ళాం. అక్కడ మైకు అవసరం లేదని ఎంత చెప్పినా, మైకు లేకుండా మాట్లాడటం తమకు అలవాటు లేదని పెద్దలన్నారు. మైకు పెట్టారు. కూత వచ్చింది. నేను అలవాటు కొద్దీ ఎడమ భుజం తట్టాను. "మనది కాదమ్మా," అన్నాడు నాన్న.

అది జరిగిన కొన్నాళ్ళకు అగ్రహారంలో చెరువుల ఆయన మనవరాలికి ఓణీల ఫంక్షను చేశారు. నాన్ననే పిలిచారు. పిలవడానికి చెరువుల ఆయన స్వయంగా ఇంటికి వచ్చి, నాన్న ఎదురుగా నిలబడి, కూర్చునే చోటు లేక అలాగే చెప్పి వెళ్ళాడు. ఫంక్షను రోజు పందిరి నాలుగు వైపులా గొట్టాలు కట్టాం. నాన్న మైకు పట్టుకుని ఎప్పటిలాగే హలో హలో అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఊరంతా వినపడింది.

"అందరికీ ఒక మనవండి. నాకు కూత వినపడదండి. వత్తే చెయ్యెత్తండి, ఆపేత్తాను."

అంతే చెప్పి పాటలు పెట్టాడు. జనం ఒక క్షణం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత భోజనాల సంగతి చూసుకున్నారు. నేను ఆంప్లిఫయర్ పక్కన కుర్చీలో పుస్తకం తీశాను. అత్త ఎవరి చెవిలోనో ఎవరి గురించో చెబుతోంది. ఆ హోరులో ఒక్క ముక్క కూడా నా దాకా రాలేదు. ఆవిడ మొహం చాలా రోజుల తర్వాత ప్రశాంతంగా ఉంది.

అక్షింతలు వేసేటప్పుడు ఎవరో మైకును పక్కకు జరిపారు. కూత వచ్చింది. పందిట్లో చేతులు లేచాయి. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు ఎంగిలి చేతులే ఎత్తారు. పురోహితుడు అక్షింతలున్న చెయ్యి ఎత్తితే అవి ఆయన నెత్తినే రాలాయి. అత్త రెండు చేతులూ ఎత్తింది. నాన్న అందరినీ ఒకసారి తిన్నగా చూసి, మీట తిప్పాడు.

నా చెయ్యి అందరికంటే ఆఖర్న లేచింది. పుస్తకంలో కథ మంచి పట్టు మీద ఉంది.